కొడుకు కోసం మఠం గడప దాటిన సన్యాసి: ‘బ్రదర్ కాడ్‌ఫైల్స్ పెనన్స్’లో ప్రాయశ్చిత్తం దేనికి?

వేదాంత కళాశాల పత్రికలో డిటెక్టివ్ కథల గురించి వ్యాసమా అని కొందరు చదువరులు నొసలు చిట్లించవచ్చు. అపరాధ పరిశోధన నవల మన దగ్గర రైలు ప్రయాణంలో చదివి పక్కన పెట్టే పుస్తకంగానే చెలామణి అయింది. అయినా పాపం, ఒప్పుకోలు, తీర్పు, క్షమాపణ అనే నాలుగు మాటలు లేకుండా ఆ నవల నడవదు. మనం తరగతి గదుల్లో చెప్పే పాఠం కూడా ఆ నాలుగు మాటల చుట్టూనే తిరుగుతుంది. అందువలన ఈ వ్యాసానికి క్షమాపణ చెప్పుకోనవసరం లేదని మేము తలంచుతున్నాము.

పాదిరిని పరిశోధకునిగా నిలబెట్టిన కథలలో పేరుపొందినవి 1910లో జి.కె. చెస్టర్టన్ మొదలుపెట్టిన ఫాదర్ బ్రౌన్ కథలు. పాపపు ఒప్పుకోళ్ళు వినీ వినీ మనుష్యుల హృదయం తెలిసినవాడు గనుక నేరస్థుని గుట్టు తెలుసుకోగలుగుతాడన్నది ఆ పాత్రకు పునాది. ఆయన సొంత కుటుంబం గురించి చెస్టర్టన్ దాదాపు ఏమీ చెప్పడు. గొడుగు పట్టుకొని వస్తాడు, చిక్కుముడి విప్పుతాడు, వెళ్ళిపోతాడు. ఇంగ్లాండులో ఐటీవీ 2014 నుండి ప్రసారం చేసిన ‘గ్రాంట్‌చెస్టర్’ ధారావాహిక దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో నడిచింది. అందులో సంఘ కాపరి ఇంటి బాధలు హత్యలతో సమానంగా నడుస్తాయి. దానికి మూలమైన కథలు రాసిన జేమ్స్ రన్సీ, 1980 నుండి 1991 వరకు కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుగా ఉన్న రాబర్ట్ రన్సీ కుమారుడు. పాదిరి ఇంట్లో పెరిగినవాడు పాదిరికి ఇల్లు లేకుండా కథ రాయలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఈ ఇద్దరి మధ్య నిలిచినవాడు బ్రదర్ కాడ్‌ఫైల్. ఇతనికి కుటుంబం లేదు అనుకుంటాము. ఉన్నదని ఇతనికే ఆలస్యంగా తెలుస్తుంది. తెలిసిన తరువాత ఏమి చేశాడన్నదే మేము ఇక్కడ పరిశీలించదలచిన విషయం.

కథా నేపథ్యం

ఎల్లిస్ పీటర్స్ అనే కలం పేరుతో ఈడిత్ పార్జిటర్ (1913–1995) రాసిన కాడ్‌ఫైల్ నవలలు 20. మొదటిది 1977లో, చివరిది 1994లో వెలువడ్డాయి. కాడ్‌ఫైల్ వేల్స్ దేశస్థుడు. యౌవనంలో సిలువ యుద్ధానికి వెళ్ళి, సైనికుడుగా, నావికుడుగా చాలా కాలం తిరిగి, నడివయస్సులో ష్రూస్‌బరీలోని బెనెడిక్టు మఠంలో చేరాడు. అక్కడ మూలికల తోట పెంచుతాడు, మందులు నూరుతాడు. ఆ మఠం కల్పితం కాదు. 1083లో స్థాపించబడి 1540లో మూతబడింది. దాని దేవాలయం నేటికీ ఆరాధన జరిగే సంఘ మందిరంగా నిలిచి ఉన్నది. ఒక చిన్న విషయం: కాడ్‌ఫైల్ సన్యాసియే గాని అభిషిక్తుడైన గురువు కాడు. పాపపు ఒప్పుకోలు విని పాపవిమోచనం పలికే అధికారం అతనికి లేదు. ఇది తరువాత మనకు అవసరమవుతుంది.

కాలం 12వ శతాబ్దపు మధ్యభాగం. 1135లో ఇంగ్లాండు రాజు మొదటి హెన్రీ చనిపోగా, కుమార్తె మాడ్‌కూ మేనల్లుడు స్టీఫెన్‌కూ మధ్య సింహాసనం కోసం సుమారు 18 ఏళ్ళు సాగిన యుద్ధం అది. మన భాషలో చెప్పాలంటే దాయాదుల పోరు. మాడ్ పక్షానికి మూలస్తంభం గ్లాస్టర్ ప్రభువు రాబర్ట్. ఇతడు హెన్రీ రాజుకు వివాహేతరంగా పుట్టిన కొడుకు, మాడ్‌కు సవతి అన్న. రాజ్యానికి తగినవాడని చాలామంది తలచినా పుట్టుక అడ్డువచ్చింది. ఈ రాబర్ట్ కొడుకుల్లో ఒకడైన ఫిలిప్ 1145లో తండ్రిని విడిచి స్టీఫెన్ పక్షం చేరాడు. ఇది చరిత్ర. రచయిత్రి ఈ చరిత్రనే తీసుకొని తన చివరి నవలకు ఇరుసుగా చేసింది.

ఐటీవీ ఈ నవలల్లో 13ను 1994–1998 మధ్య టెలివిజన్ చిత్రాలుగా ప్రసారం చేసింది. కాడ్‌ఫైల్‌గా డెరెక్ జాకబీ నటించాడు. చిత్రీకరణ ఎక్కువభాగం హంగేరీలో జరిగింది. ఆ 13లో ‘ది వర్జిన్ ఇన్ ది ఐస్’ ఉన్నది. చివరి నవల ‘బ్రదర్ కాడ్‌ఫైల్స్ పెనన్స్’ లేదు.

తెర మీద సగం, పుటల్లో సగం

‘ది వర్జిన్ ఇన్ ది ఐస్’ 1139 శీతకాలపు కథ. తప్పిపోయిన ఇద్దరు పిల్లలను వెదకుతూ ఒలివియే అనే యువకుడు వస్తాడు. కాడ్‌ఫైల్ అతనితో మాట్లాడుతూ ఉండగా, అతని తల్లి అంతియొకయకు చెందిన ఒక విధవరాలని, ఆమె పేరు మరియమ్ అని తెలుస్తుంది. కాడ్‌ఫైల్‌కు ఆ పేరు తెలుసు. తూర్పు దేశంలో తాను ప్రేమించి, గర్భవతి అని తెలియకుండానే విడిచి వచ్చిన స్త్రీ ఆమె. ఎదురుగా కూర్చున్నవాడు తన కొడుకు. తల్లి చనిపోయాక ఈ కొడుకు యెరూషలేముకు వెళ్ళి, తాను ఎన్నడూ చూడని తండ్రి విశ్వాసాన్ని స్వీకరించినవాడు. కాడ్‌ఫైల్ ఏమీ చెప్పడు. కొడుకును దీవించి పంపివేస్తాడు.

టెలివిజన్ చిత్రంలో ఈ కథను బాగా మార్చారు. నవలలో దెబ్బలు తిని మతి చెదిరిన సన్యాసి ఎలియాస్ మరో మఠం వాడు. చిత్రంలో అతని స్థానంలో కాడ్‌ఫైల్ దగ్గర పని నేర్చుకుంటున్న ఆస్విన్‌ను పెట్టారు. నవలాభిమానులకు ఈ మార్పు రుచించకపోవచ్చు గాని మాకు ఇందులో ఒక మేలు కనిపించింది. ఆస్విన్ కాడ్‌ఫైల్‌కు ఆత్మీయ కుమారుని వంటివాడు. అతడు నిందపాలై పడి ఉన్న సమయంలోనే కన్నకొడుకు గుమ్మంలోకి వస్తాడు. మఠం ఇచ్చిన కొడుకు ఒకడు, మఠానికి ముందటి జీవితం ఇచ్చిన కొడుకు ఇంకొకడు. జాకబీ ముఖం ఈ రెండింటి మధ్య నలుగుతుంది. కళ్ళలోని ఆ తడబాటు నవలలో ఒక పుట వివరణకు సమానం.

చిక్కు ఎక్కడంటే, ధారావాహిక అక్కడే ఆగిపోయింది. చివరి నవలను చిత్రించకపోవడానికి కారణాలు ఏమైనా, ఫలితం మాత్రం ఒకటే: తెర మీది కాడ్‌ఫైల్ కొడుకును గుర్తించి మౌనంగా దీవించిన త్యాగమూర్తిగా మిగిలిపోయాడు. ప్రేక్షకునికి అది తృప్తి కలిగించే ముగింపే. ప్రతి వారం ఒక శవం, ఒక నేరస్థుడు, ఒక తీర్పుతో ముగియవలసిన ప్రక్రియకు మౌన త్యాగం చక్కగా అమరుతుంది. కాని ఆ మౌనం త్యాగమేనా? చివరి నవల ఈ ప్రశ్న వేస్తుంది. అందుకే దాన్ని విడిచి ఈ పాత్రను అంచనా వేయడం సరికాదని మా అభిప్రాయం.

మూడు జతలు

1145 చివరి నెలల్లో ఫారింగ్డన్ కోట అధిపతి బ్రియన్ ద సూలిస్ కోటను స్టీఫెన్‌కు అప్పగిస్తాడు. పక్షం మారడానికి ఒప్పుకోని యోధులు బందీలవుతారు. వారిలో ఒలివియే ఒకడు. అతణ్ణి ఎక్కడ ఉంచారో ఎవరికీ తెలియదు, విడుదల సొమ్ము కూడా ఎవరూ అడగరు. ఈ వార్త మఠానికి చేరగానే కాడ్‌ఫైల్ మఠాధిపతి రాడుల్ఫస్ దగ్గరకు వెళ్ళి నిజం చెబుతాడు: అతడు నా కొడుకు. రాడుల్ఫస్ కఠినుడు కాడు, అలాగని మెత్తనివాడూ కాడు. కోవెంట్రీలో జరుగుతున్న సంధి సమావేశం వరకు వెళ్ళిరావడానికి సెలవిస్తాడు. అక్కడ ఏమీ తేలకపోతే తిరిగి రావాలి. అంతకు మించి అడుగు వేస్తే అది మఠాధిపతి ఆశీర్వాదం లేని ప్రయాణం.

కోవెంట్రీలో సూలిస్ హత్యకు గురవుతాడు. ఒలివియే బావమరిది ఈవ్ మీద నింద పడుతుంది. ఫిలిప్ ఆ కుర్రవాణ్ణి దారిలో అపహరించి తన కోట లా మ్యూజార్డరీకి తీసుకుపోతాడు. సమావేశం ముగిసింది, సెలవు ముగిసింది, మిత్రుడు హ్యూ బెరింగర్ ఇంటిదారి పట్టాడు. కాడ్‌ఫైల్ మాత్రం వెనుకకు తిరగలేదు. బెనెడిక్టు నియమావళి 58వ అధ్యాయం ప్రకారం సన్యాసి చేసే ప్రమాణాలలో మొదటిది స్థిరవాసం, అంటే చేరిన మఠంలోనే చివరి శ్వాస వరకు ఉండడం. 20 నవలల నాయకుడు, చదువరులు ప్రేమించిన మఠవాసి, చివరి నవలలో ఆ ప్రమాణాన్ని తెలిసి తెలిసి మీరుతాడు.

ఇక్కడ హత్యా పరిశోధన కుటుంబ కథకు పక్కవాద్యం మాత్రమే అని కొందరు విమర్శకులు తేలికగా తీసివేస్తారు. మేము అలా అనుకోము. ఈ నవలలో తలిదండ్రులూ కొడుకులూ మూడు జతలు ఉన్నారు. కాడ్‌ఫైల్, ఒలివియే ఒక జత. గ్లాస్టర్ రాబర్ట్, అతణ్ణి విడిచిపోయిన ఫిలిప్ రెండవ జత. మూడవది హత్య వెనుక దాగి ఉన్నది. ఫారింగ్డన్ అప్పగింత పత్రం మీద జెఫ్రీ ఫిట్జ్‌క్లేర్ అనే యువ సేనాని ముద్ర ఉన్నది గాని, ఒప్పుకోనందుకు అతణ్ణి అప్పటికే చంపివేశారు. చనిపోయినవాని చేత సంతకం పెట్టించడం వంటి పని ఇది. సూలిస్ సామానులో దొరికిన ఆ ముద్ర మీది చిహ్నమూ, రాణి మాడ్ పరిచారికలలో ఒకరైన వృద్ధురాలు జొవెట్టా ద మోంటోర్ వేలి ఉంగరం మీది చిహ్నమూ ఒకటే. జెఫ్రీ ఆమెకు వివాహేతరంగా పుట్టిన కొడుకు. సూలిస్ చాలా దగ్గరగా, ఎదురుగా వచ్చిన వ్యక్తి చేత పొడవబడ్డాడు. యోధుడెవరైనా అంత దగ్గరకు వస్తే అతడు కత్తి దూసి ఉండేవాడు. ఒక ముసలమ్మ వస్తే ఎందుకు జంకుతాడు?

కాడ్‌ఫైల్ ఆమెను పట్టి ఇవ్వడు. పాపవిమోచనం పలికే అధికారం అతనికి లేదు, ఆమె అడగనూ లేదు. తనకు తెలుసునని ఆమెకు తెలియనిచ్చి, మిగిలినది దేవునికి విడిచిపెడతాడు. నేరస్థురాలిని వదిలివేయడం ఈ నవలలకు కొత్త కాదు గాని ఇక్కడ దాని బరువు వేరు. ఒలివియేను చంపి ఉంటే తాను ఏమి చేసి ఉండేవాడో సిలువ యుద్ధంలో కత్తి పట్టిన ఈ సన్యాసికి తెలుసు. ఆమెలో అతడు చూసినది తన రెండవ ముఖాన్ని.

ఫిలిప్ విషయంలో మేము కొంచెం ఎక్కువసేపు ఆగవలసి ఉన్నది. మామూలు నవలలో ఇతడు ప్రతినాయకుడై ఉండేవాడు. పార్జిటర్ ఇతణ్ణి అలసిపోయిన వానిగా చూపించింది. ఏ పక్షమూ గెలవక, ఏ పక్షమూ ఆపక, పల్లెలు కాలిపోతూ ఉంటే ఒక పక్షానికి బరువు చేర్చి ఎలాగైనా ముగించాలని అనుకున్నవాడు. తండ్రికి ద్రోహం చేశాడని లోకం అన్నది. ఒలివియే ఒకప్పుడు ఇతనికి ప్రాణస్నేహితుడు. తనను అర్థం చేసుకోలేదన్న కోపంతోనే అతణ్ణి చీకటి కొట్టులో పెట్టాడు. కాడ్‌ఫైల్ ఒంటరిగా ఈ కోటకు వచ్చి, ఈవ్ నిర్దోషి అని వాదించి విడిపిస్తాడు. తరువాత ఒలివియేకు బదులుగా తనను ఉంచుకొమ్మంటాడు. ఎందుకని అడిగితే అతడు నా కొడుకు అంటాడు. తండ్రి తన కోసం వస్తాడా రాడా అని బహుశా లోలోపల లెక్కవేసుకుంటున్న ఫిలిప్ ముందు, మరొకరి తండ్రి వచ్చి నిలబడ్డాడు. ఈ ఘట్టం తెర మీద రాకపోవడం నిజంగా నష్టం.

మాడ్ సైన్యం కోటను ముట్టడిస్తుంది. దొరికితే ఫిలిప్‌ను ఉరి తీయిస్తానని ఆమె పట్టుదల. బలమైన గాయం తగిలి పడిపోయిన ఫిలిప్ తాళపుచెవులు కాడ్‌ఫైల్ చేతికి ఇస్తాడు. కొట్టు తలుపు తెరుచుకున్న తరువాత ఒలివియేకు నిజం తెలుస్తుంది. అతనికి సంతోషం కన్నా ముందు మనసు నొచ్చుకుంటుంది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు? ఇంత వెల ఎందుకు చెల్లించావు? లూకా 15లో తప్పిపోయిన కుమారుని చూచి తండ్రి పరుగెత్తుతాడు. ఇక్కడ పరుగెత్తి వచ్చిన తండ్రే తప్పిపోయినవాడు, కౌగిలికి సమయం తీసుకున్నది కొడుకు. ఆ ఒలివియేనే తరువాత తనను బంధించిన ఫిలిప్‌ను శవంలా కోట దాటించడంలో సహాయపడతాడు. సైరన్‌సెస్టర్‌లోని అగస్టీను సన్యాసుల మఠానికి ఫిలిప్ చేరతాడు. అతనికీ రాబర్ట్‌కూ సమాధానపడే దారి అక్కడ తెరుచుకుంటుంది.

మ్రొక్కుబడి, కొర్బాను

కాడ్‌ఫైల్ చేసినది న్యాయమా? సన్యాస జీవితాన్ని గౌరవించే చదువరి ఇక్కడ ఇబ్బంది పడాలి. పడకపోతే నవలను సరిగ్గా చదవలేదన్న మాట. తండ్రినైనను తల్లినైనను తనకంటె ఎక్కువగా ప్రేమించకూడదన్న ప్రభువు మాట (మత్తయి 10:37) కుమారుని కుమార్తెను కూడా కలుపుకొని చెప్పినదే. మరోవైపు మార్కు 7:9–13లో ఆయనే, దేవునికి అర్పితమని చెప్పి కన్నవారికి చేయవలసినది ఎగవేసే కొర్బాను ఆచారాన్ని తీవ్రంగా ఖండించాడు. దేవునికి చేసిన ప్రమాణం మనుష్యునికి ఉన్న ఋణాన్ని కొట్టివేయదని ఆ వాక్యభాగం సారం. అక్కడ ఋణం కన్నవారికి, ఇక్కడ కన్నబిడ్డకు. తేడా అంతే.

న్యాయాధిపతులు 11లో యెఫ్తా కథ ఈ నవలకు ఇంకా దగ్గర. అతడు మ్రొక్కుబడి చెల్లించి కుమార్తెను పోగొట్టుకున్నాడు. కాడ్‌ఫైల్ మ్రొక్కుబడి మీరి కుమారుని దక్కించుకున్నాడు. యెఫ్తాను విశ్వాసవీరుల పట్టికలో చేర్చిన సంగతి (హెబ్రీ 11:32) మనకు ప్రసంగాలలో ఎప్పుడూ చిక్కు తెచ్చేదే. కాడ్‌ఫైల్‌ను ఏ పట్టికలో చేర్చాలో రచయిత్రి చెప్పదు. తప్పు అని తెలుసు, మళ్ళీ అవసరం వస్తే మళ్ళీ చేస్తాడు, ఆ రెండూ దాచుకోడు. ఇక్కడే తెలుగు చదువరికి శీర్షికలోని ‘పెనన్స్’ అనే మాట ఎదురుదెబ్బ కొడుతుంది.

ఆ మాటకు మన భాషలో మూడు మాటలు పోటీ పడతాయి. పశ్చాత్తాపం అంటే చేసిన తరువాత కలిగే తాపం. మారుమనస్సు మన తెలుగు బైబిలు సువార్తలలో వాడిన మాట, మనస్సే మారడం. ప్రాయశ్చిత్తం లేవీయకాండములో యాజకుడు చేసే క్రియకు వాడబడింది. అంతకు ముందు అది ధర్మశాస్త్రాల మాట, తప్పుకు తగిన క్రియ చేసి శుద్ధి పొందడం. లాటిన్ బైబిలులో సువార్త పిలుపును ప్రాయశ్చిత్త క్రియ చేయుమన్నట్లు అనువదించడం, దాని మీద ఎరాస్మస్, లూథర్ 16వ శతాబ్దంలో వేసిన ప్రశ్నలు మన విద్యార్థులకు తెలిసినవే. ఇంగ్లీషు మాట ఈ మూడింటినీ ఒకే సంచిలో వేసుకుంటుంది. తెలుగు విడదీసి చూపిస్తుంది. విడదీసి చూస్తే కాడ్‌ఫైల్‌లో పశ్చాత్తాపం ఉన్నది, అది మఠాన్ని నొప్పించినందుకు. మారుమనస్సు లేదు, ఎందుకంటే కొడుకు కోసం వెళ్ళిన పని విషయంలో అతని మనస్సు మారలేదు. ప్రాయశ్చిత్తం ఉన్నది. కాని అది ఎవరికి?

ముగింపు దృశ్యం చూద్దాము. కాడ్‌ఫైల్ శీతకాలపు రాత్రి ష్రూస్‌బరీ చేరుకొని, దేవాలయంలో నేల మీద చేతులు చాచి సాగిలపడి తెల్లవారేదాకా ఉంటాడు. బెనెడిక్టు నియమావళి 44వ అధ్యాయంలో వెలివేయబడిన సహోదరుడు ప్రార్థనా మందిర ద్వారం దగ్గర సాగిలపడాలని ఉన్నది. 29వ అధ్యాయం ఇంకా ముఖ్యం. స్వంత తప్పు వలన మఠం విడిచిన సహోదరుడు తిరిగి వస్తే అట్టడుగు స్థానంలో చేర్చుకోవాలి, అలా మూడుసార్ల వరకు చేర్చుకోవచ్చు. రాడుల్ఫస్ వచ్చి, ఇక చాలునని, లేచి సహోదరులతో కలిసి గాయకపీఠానికి రమ్మంటాడు. అట్టడుగు స్థానం మాట ఎత్తడు. నియమం తెలిసిన రచయిత్రి ఆ చిన్న మౌనాన్ని కావాలనే పెట్టిందని మా ఊహ. ఇంత అందమైన ముగింపును విమర్శించబూనుకోవడం మాకూ కొంచెం కష్టంగానే ఉన్నది.

అయినా చెప్పక తప్పదు. రాడుల్ఫస్ క్షమించగలిగినది మఠం విడిచినందుకు మాత్రమే. అంతియొకయ విడిచినందుకు ఎవరు క్షమించాలి? మరియమ్ ఈ నవలలన్నిటిలో జ్ఞాపకంగా మాత్రమే కనిపిస్తుంది. ఆమె ఒంటరిగా కొడుకును పెంచింది. ఆ కొడుకు మనసులో తండ్రి మీద ద్వేషం పెరగనివ్వలేదు. పోయింది. ఆమె నోటి నుండి ఒక్క నింద, ఒక్క ప్రశ్న మనం వినము. కాడ్‌ఫైల్‌కు తెలియదు కదా అనవచ్చు. నిజమే. తెలుసుకోవడానికి తిరిగి చూడలేదన్నది కూడా నిజమే. వేల్స్ ధర్మం ప్రకారం తండ్రి ఒప్పుకుంటే వివాహేతర సంతానానికి కూడా కొడుకు హక్కు ఉన్నది. ఆ ధర్మంలో పుట్టి పెరిగిన కాడ్‌ఫైల్‌కు ఒలివియే పుట్టుక అవమానం కాదు. ఈ ఉదారత మెచ్చదగినదే. కాని అది కొడుకు హోదాను తేల్చుతుంది, తల్లి ఒంటరితనాన్ని తాకదు.

అదే కాలంలో నిజంగా జీవించిన ఒక తండ్రిని ఇక్కడ తలచుకోవడం మంచిది. నవల కథాకాలానికి మూడేళ్ళ ముందు, 1142లో, పీటర్ అబెలార్ మరణించాడు. పాపం క్రియలో లేదు, హృదయపు సమ్మతిలో ఉన్నదని, పశ్చాత్తాపంలో ముఖ్యం లోపలి దుఃఖమని తన నీతిశాస్త్రంలో వాదించినవాడు ఆయనే. ఆయనకు హెలోయీజ్ వలన పుట్టిన కొడుకు ఆస్ట్రలాబ్. బిడ్డను బ్రిటనీలో తన సోదరి దగ్గర విడిచి తండ్రి సన్యాసి అయ్యాడు, తల్లి సన్యాసిని అయింది. అబెలార్ తన కష్టాల చరిత్ర రాసుకున్నప్పుడు కొడుకుకు ఇచ్చిన చోటు చాలా కొద్ది. ఆయన పోయిన తరువాత ఆ కొడుకుకు జీవనోపాధి చూడమని క్లూనీ మఠాధిపతి పీటర్‌ను అడిగినది హెలోయీజ్. లోపలి దుఃఖాన్ని గురించి తండ్రి గొప్పగా రాశాడు, జాబు రాసి అడిగినది తల్లి. కాడ్‌ఫైల్ అబెలార్ కన్నా ఎక్కువ చేశాడు, సందేహం లేదు. కాని హెలోయీజ్‌కు ఉత్తరాలు ఉన్నాయి. మరియమ్‌కు అవీ లేవు.

రచయిత్రికి ఈ లోటు తెలియదని మేము అనము. తెలుసు గనుకనే జొవెట్టాను సృష్టించిందేమో. పెళ్ళి లేకుండా కొడుకును కని, దూరం నుండి చూసుకుంటూ, పోగొట్టుకొని, మాటలతో చెప్పలేనిది కత్తితో చెప్పిన తల్లి ఆమె. కాడ్‌ఫైల్ ఆమె ఎదుట నిలబడి తీర్పు చెప్పలేకపోయిన ఆ నిమిషమే, మాకు తోచినంతవరకు, నవలలో మరియమ్ ఎదుట అతడు నిలబడగలిగిన ఒకే ఒక్క నిమిషం. దేవాలయపు నేల మీద గడిపిన రాత్రి కన్నా అక్కడ అతడు ఎక్కువ వంగాడు. తెర మీద ఈ నవలను ఎవరైనా తీస్తే ఆ వృద్ధురాలి పాత్రకు జాకబీ అంత నటి కావాలి.

మన సంఘాలలో ఈ నవల చదివితే మొదట గుర్తుకొచ్చేది 1 తిమోతి 3:4–5. పాస్టరుగారి కొడుకు దారి తప్పాడని తెలిస్తే ఆ వచనాన్ని ఆయన ముఖం మీదనే చదివేవారికి కొదవలేదు. కూటాలకు, ఉజ్జీవ సభలకు నెలల తరబడి ఊళ్ళు తిరిగిన తండ్రిని ఆ కొడుకు ఎన్నిరోజులు చూశాడని అడిగేవారు తక్కువ. ఆ ఇంట్లో పాస్టరమ్మగారిని అడిగేవారు ఇంకా తక్కువ. పార్జిటర్ సంఘకాపరుల కోసం ఈ నవల రాయలేదు గాని, పరిచర్య పేరుతో ఇంటి ఋణం వాయిదా వేసుకున్నవారు దీన్ని నెమ్మదిగా చదవలేరు.

ఈ నవల ఎప్పుడైనా తెలుగులోకి వస్తే అనువాదకులకు మా మనవి ఒకటి ఉన్నది. శీర్షికలో ‘ప్రాయశ్చిత్తం’ పెట్టవద్దు. ఆ మాట పెడితే మొదటి పుట తెరవకముందే లెక్క తీరిపోయినట్లు ఉంటుంది. ‘కాడ్‌ఫైల్ మ్రొక్కుబడి’ అంటే చాలు. ఏ మ్రొక్కుబడి, ఎవరికి మ్రొక్కినది, ఎవరికి చెల్లనిది అని చదువరి చివరి పుట దాకా వెదుకుకుంటాడు.